బోర్డుకి కెపాసిటీ లేదట!

మాటలో 'టర్' రాలిపోయి 'టీ' వచ్చి చేరింది. జరిగింది అంతే. ఆ కాస్తకే మందు పంపులు తయారుచేసే ఆ చిన్న ఫ్యాక్టరీ పొద్దున పదకొండు కల్లా రెండు పక్షాలుగా చీలిపోయింది. టెస్టక్క ఉద్యోగం ఊడుతుంది అన్నవాళ్ళది ఒక పక్షం. ఈపాటికే ఊడిపోయింది అన్నవాళ్ళది ఇంకో పక్షం.

'టీ' ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఆ మాట మోసుకెళ్ళినవాడు టీ బాబాయి కాబట్టి వచ్చింది. ఇరవయ్యేళ్ళుగా ఆయన కింది నుంచి మేడమీదికి టీలు మోస్తున్నాడు. టీలతోపాటు మాటలూ మోస్తాడు. గ్లాసులో టీ చుక్క తొణకనివ్వడు గానీ, మాట ఒలకకుండా మాత్రం ఏనాడూ మెట్లెక్కలేదు.

పోయిన వారం టెస్టక్కను ఆమె బల్ల దగ్గర, చూపుడువేలు గాల్లో ఉండగానే వదిలేశాం. పాపం, ఆ వేలు దించుకోనిద్దాం. ఆమె పరీక్షిస్తున్నది మందు పంపు. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి, రోగి నరంలోకి మందును గంటకింత అని కొలిచి ఎక్కించే యంత్రం. ఎంత ఎక్కించాలో నర్సు తెరమీద వేలితో నొక్కి చెబుతుంది. పంపు బ్యాటరీ మీద నడిచినంతసేపూ టెస్టక్క ఐదు నొక్కితే ఐదే పడింది. గోడ ప్లగ్గులో పెట్టి ఐదు నొక్కింది. ఎనిమిది పడింది. మళ్ళీ నొక్కింది. ఐదు. మళ్ళీ. ఎనిమిది. తెరమీద ఐదు కిందే ఎనిమిది ఉంటుంది మరి. వేలు ఒక ఇంట్లో అడుగుపెడితే యంత్రం పక్కింటి తలుపు తీస్తోంది.

అప్పుడు ఆమె వెంటవెంటనే రెండు పనులు చేసింది. మొదటిది, పార్సిల్ గదికి ఫోన్ చేసి, పక్కనే కంప్రెసరు డగడగలాడుతుంటే దాన్ని మించి అరిచి, పంపులు పంపకండని చెప్పింది. రెండోది, యంత్రం వెనక మూత విప్పి, లోపలున్న పచ్చ బోర్డు కేసి చూసి, ఇంకా గట్టిగా అరిచింది.

"బోర్డుకి కెపాసిటర్ లేదు!"

సరిగ్గా అప్పుడే టీ బాబాయి గ్లాసులతో గుమ్మం దాటుతున్నాడు. ఆయనకు తెలిసిన బోర్డు మేడమీద కూర్చుని టీ కోసం ఎదురుచూస్తోంది. కింది బోర్డు మీద భాగాలుంటాయి, పై బోర్డు మీద భాగస్థులుంటారు. ఆ తేడా ఆయనకు ఎవరూ చెప్పలేదు. పైకెళ్ళి, గ్లాసులు దించి, గొంతు సవరించుకుని, "చెప్పకూడదు గానీ" అని మొదలుపెట్టాడు. ఆయన అలా మొదలుపెట్టి చెప్పకుండా ఆపిన మాట చరిత్రలో లేదు.

పావుగంటకు టెస్టక్కకు పైనుంచి పిలుపొచ్చింది. బోర్డు సంగతి మాట్లాడాలట, వెంటనే రమ్మన్నారట.

"అప్పుడే తెలిసిపోయిందా! మంచిదే" అనుకుంది టెస్టక్క. మూత విప్పిన పంపును చంకలో పెట్టుకుంది. అతుకులు వేసే సోల్డరింగ్ ఐరన్ ఒక చేత్తో, చిన్న భాగాల డబ్బా ఇంకో చేత్తో పట్టుకుంది. పరీక్షలో నెగ్గిన యంత్రాల మీద వేసే తన ముద్రను జేబులో వేసుకుంది. మెట్ల మీద ఎదురైనవాళ్ళు పక్కకు తప్పుకుని దారిచ్చారు. సోల్డరింగ్ ఐరన్ చూసి కొందరు ఇంకాస్త ఎక్కువే తప్పుకున్నారు.

మేడమీద గదిలో బోర్డు కొలువుతీరి ఉంది. బోర్డంటే ముగ్గురు. ఛైర్మన్ పెద్దాయన, ఆయన భార్య, వాళ్ళబ్బాయి. ముగ్గురూ రోజూ ఒకే బల్ల దగ్గర భోంచేస్తారు కాబట్టి మీటింగు ఇంట్లోనే పెట్టుకోవచ్చు. కానీ ఇంట్లో పెద్దాయన మాట చెల్లదు. పెద్దాయన టెస్టక్కకు సొంత మేనమామ. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం ఆమెకు నేర్పింది ఆయనే. అత్తయ్య ఓ మూల స్వెట్టరు అల్లుతూ, కాగితం వస్తే సంతకం పెడుతూ, మళ్ళీ అల్లుతూ ఉంటుంది. అబ్బాయిని అందరూ డెమో బావ అంటారు. ఎక్కడికెళ్ళినా యంత్రాన్ని అద్భుతంగా ఆడించి చూపించి వస్తాడని ఆ పేరు. చక్రాల కుర్చీలో కూర్చుని అటూ ఇటూ ఊగడం అతని అలవాటు.

పెద్దాయన కూర్చోమనలేదు.

"బోర్డుకి కెపాసిటీ లేదన్నావట?"

మామయ్య వయసులో కెపాసిటర్‌ని కెపాసిటీ అనడం మామూలేననుకుని టెస్టక్క తప్పు దిద్దలేదు.

"అన్నాను మామయ్యా."

"అందరి ముందూనా?"

"అరిచి మరీ అన్నాను. అయినా కంప్రెసరు గోలలో సగం మందికి వినపడి ఉండదు. కావాలంటే మళ్ళీ అంటాను."

అత్తయ్య సూది నుంచి ఓ ముడి జారిపోయింది.

"మొత్తం బోర్డుకే లేదా? ఎవరో ఒకరి గురించా?" పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగాడు.

"లేనిది ఒక్క చోటే. కానీ అది లేకపోతే మిగతావి ఎన్నుండి ఏం లాభం? కూర్చున్నచోట కుదురుగా ఉండవు, ఊగుతూనే ఉంటాయి."

భార్యాభర్తలిద్దరి చూపూ చక్రాల కుర్చీ మీద పడింది. డెమో బావ ఊగడం ఆపేశాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా అనిపిస్తోంది నీకు?"

"అనిపించడం కాదు మామయ్యా, కళ్ళారా చూశాను. పాత బోర్డు నిక్షేపంగా ఉండేది. ఈ కొత్తది వచ్చాకే."

"అంటే నేనొచ్చాకే చెడిందంటావ్!" డెమో బావ లేచి నిలబడ్డాడు. "మరదలివని ఊరుకుంటున్నా."

"నువ్వెందుకు ఉలిక్కిపడతావు బావా? నువ్వు బ్యాటరీ మీద నెట్టుకొస్తున్నావు కాబట్టి నీ బండారం బయటపడలేదు. గోడకు తగిలించి చూస్తే తెలిసేది."

"నన్ను గోడకు తగిలిస్తుందట! విన్నావా అమ్మా!"

పెద్దాయన బల్లమీద చెయ్యి వేశాడు. కొట్టడానికి కాదు, ఆనుకోవడానికి. "సరే. ఇప్పుడేం చెయ్యమంటావ్ బోర్డుని?"

"ఏముంది మామయ్యా, కొత్తదాన్ని తెచ్చి, కాళ్ళు వంచి, ఆ ఖాళీలో దూర్చి, అడుగున వాత పెడితే సరి. రెండు నిమిషాల పని" అంటూ టెస్టక్క సోల్డరింగ్ ఐరన్ ఉన్న చెయ్యెత్తింది.

"ఎవరి కాళ్ళు?" అంది అత్తయ్య, పెళ్ళయ్యాక మొదటిసారి బోర్డు మీటింగులో నోరు తెరిచి.

"కెపాసిటర్ కాళ్ళు అత్తయ్యా! ఇంకెవరి కాళ్ళు?"

టెస్టక్క పంపును బల్లమీద పెట్టి, పచ్చ బోర్డు మీద వేలుపెట్టి చూపించింది. చిప్పు పక్కన రెండు వెండి చుక్కలు, మధ్యలో ఏమీ లేకుండా, కళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. "ఇదిగో బోర్డు. ఇక్కడ ఉండాలి కెపాసిటర్. లేదు."

"ఈ బోర్డా?" అన్నాడు పెద్దాయన.

"మరి ఏ బోర్డనుకున్నారు?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపుల్లోనే టెస్టక్కకు జవాబు దొరికిపోయింది. గుమ్మం బయట నుంచి వింటున్న టీ బాబాయి చప్పుడు కాకుండా రెండు మెట్లు దిగాడు.

అత్తయ్య స్వెట్టరులో మొహం దాచుకుని నవ్వింది. పెద్దాయనకు మాత్రం నవ్వు రాలేదు. తేలిగ్గా ఊపిరి వదిలి, వదిలిన ఊపిరితోనే అన్నాడు. "హమ్మయ్య. ముక్క సంగతే కదా! తర్వాతి బోర్డుల్లో పెట్టించు. తయారైనవాటికి ముద్ర వేసి పంపించెయ్. వచ్చే వారంలోగా అన్నీ చేరాలని మాటిచ్చాను."

"వెయ్యను మామయ్యా."

నవ్వుతున్న అత్తయ్య ఆగిపోయింది.

"అబ్బా, స్క్రీన్ నైస్‌గా ఉంది కదే" అన్నాడు డెమో బావ. "ఎక్కడ చూపించినా మెచ్చుకున్నారు."

"నైస్‌గా లేదు బావా, నాయిస్‌గా ఉంది. అడాప్టరు నుంచి వచ్చే కరెంటు సన్నగా వణుకుతుంది. వేలు ఎక్కడ ఆనిందో యంత్రం వోల్టేజీని కొలిచే తెలుసుకుంటుంది. వోల్టేజీ వణికితే అంకె తప్పుతుంది. ఆ వణుకు మింగడానికే ఈ కెపాసిటర్. నువ్వే కదా కొత్త బోర్డులు గీయించింది? దీన్నెందుకు తీయించావు?"

"మూతకు తగులుతోందని." డెమో బావ నేలచూపు చూశాడు. "అది లేకపోతే పంపు ఇంకా సన్నగా ఉంటుందని."

"నీ పంపు సన్నబడింది. ఇప్పుడది సన్నాయి నొక్కులు నొక్కుతోంది."

"చాలించండి!" పెద్దాయన ఈసారి బల్లను కొట్టాడు. "ఇది ఎవరి కంపెనీ అనుకుంటున్నావే?"

"కంపెనీ మీది మామయ్యా. ముద్ర నాది."

"అయితే ముద్ర అక్కడ పెట్టి ఇంటికెళ్ళు. అబ్బాయి వేస్తాడు."

టెస్టక్క జేబులోంచి ముద్ర తీసింది. చెక్క పిడి, అరిగిపోయిన రబ్బరు. పెద్దాయన చెయ్యి చాచాడు. ఆమె దాన్ని పిడికిట్లో బిగించి ఆ చేతిని వెనక్కి తీసుకుంది.

"ఇవ్వను. ఇది నాకు ఇచ్చింది మీరే. ఇచ్చిన రోజు ఏమన్నారో మీరు మర్చిపోయినా నేను మర్చిపోలేదు. 'తప్పని తెలిస్తే నేనొచ్చి అడిగినా వెయ్యకు' అన్నారు. ఇదిగో, మీరొచ్చి అడుగుతున్నారు. నేను వెయ్యడం లేదు. మీ మాట నేను వింటున్నాను. వినందల్లా మీరే."

పెద్దాయన చాచిన చెయ్యి అలాగే ఉంది. చాచినవాళ్ళకు చెయ్యి వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఆ చేతిని చూస్తే తెలుస్తోంది.

కుర్చీ జరిపిన చప్పుడైంది. అత్తయ్య అల్లిక పక్కన పెట్టి వచ్చింది. ప్లగ్గు తనే గోడకు పెట్టి, కళ్ళజోడు సవరించుకుని, అడిగింది. "ఎక్కడ నొక్కాలే?"

"మీ ఇష్టం అత్తయ్యా. ఏ అంకైనా సరే."

అత్తయ్య ఐదు నొక్కింది. ఎనిమిది పడింది.

"నా వేలు జారిందేమో" అని వేలు కొంగుకు తుడుచుకుని మళ్ళీ నొక్కింది. ఐదు. మళ్ళీ నొక్కింది. ఎనిమిది. వేలు తీసి, ఆ వేలినే చూసుకుంటూ అడిగింది. "ఐదు ఎక్కించాల్సిన చోట ఎనిమిది ఎక్కితే ఏమవుతుంది?"

"మందును బట్టి. కొన్నిటికి నిద్రెక్కువ పడుతుంది. కొన్నిటికి ఆ నిద్ర లేవరు."

అత్తయ్య కొడుకు కేసి చూసింది. ఆ చూపులో వోల్టేజీ ఏమాత్రం వణకలేదు.

"సాఫ్ట్‌వేర్‌లో సర్దేద్దాం అమ్మా" అన్నాడు డెమో బావ. "పదిసార్లు కొలిచి సగటు తీయమంటే సరి."

"తీయాలి. అదీ కావాలి. వణుకు ఒక అల మొత్తం వెళ్ళి వచ్చేదాకా కొలిచి సగటు తీయాలి, నీ ఇష్టమొచ్చిన చోట ఆపి కాదు. కానీ ముందు కొలత నిలబడాలి. పది అబద్ధాలు పోగేసి పదితో భాగిస్తే నిజం రాదు బావా, నికరమైన అబద్ధం వస్తుంది." అంటూనే ప్లగ్గు తీసి, డబ్బాలోంచి కందిగింజంత కెపాసిటర్ ఏరి, కాళ్ళు వంచి, ఆ రెండు వెండి చుక్కల మధ్య అతికించింది. సన్నటి పొగ లేచింది. ప్లగ్గు మళ్ళీ పెట్టి, "నొక్కండి అత్తయ్యా" అంది.

ఐదు. ఐదు. ఐదు. తొమ్మిదిసార్లు ఐదే.

"అయిపోయింది కదా!" డెమో బావ చప్పట్లు కొట్టబోయాడు. పదోసారి ఎనిమిది పడింది. చప్పట్లకు లేచిన రెండు చేతులూ కలవకుండానే ఆగిపోయాయి.

"పదికి ఒకటే కదా" అన్నాడు పెద్దాయన, కానీ ఆ అనడంలో ఇందాకటి బలం లేదు.

"ఆ ఒక్కరూ ఎవరింటివాళ్ళు మామయ్యా?"

టెస్టక్క ఐరన్ కొనను గీకి, చిటికెన వేలంత వైరు కోసింది. "ఉయ్యాల ఊగుతున్న పిల్ల ఎత్తును నేలమీద నిలబడి కొలిచామనుకోండి అత్తయ్యా. ఒకసారి ఒకలా వస్తుంది, ఇంకోసారి ఇంకోలా వస్తుంది. పిల్ల పెరిగిందా, తరిగిందా? లేదు. కొలబద్ద ఒకచోట ఉంది, పిల్ల ఒకచోట ఉంది. అదీ లోపం. తెరకు వెళ్ళే వోల్టేజీ ఒక దారిన వస్తోంది. దాన్ని కొలిచే చిప్పుకు కొలబద్ద ఇంకో దారిన వస్తోంది."

"అయితే కొలబద్దను కూడా ఉయ్యాల ఎక్కించు!" అంది అత్తయ్య.

టెస్టక్క చేతిలో వైరు పట్టుకుని ఆవిడ కేసి అలా చూస్తూ ఉండిపోయింది. తను మూడేళ్ళు చదివి తెలుసుకున్న సంగతి ఆవిడ స్వెట్టరు వదిలి మూడు నిమిషాల్లో పట్టేసింది. "అంతే అత్తయ్యా. రెండూ ఒక్క వైరు మీద కూర్చుంటే, పైకెళ్ళినా కలిసే వెళ్తాయి, కిందికొచ్చినా కలిసే వస్తాయి. అప్పుడు ఉయ్యాల ఎంత ఊగినా కొలత ఊగదు." తెర వైరుకూ చిప్పు కాలికీ మధ్య ఆ చిన్న వంతెన కట్టేసింది.

ఈసారి నొక్కింది పెద్దాయన. ఎన్నోసార్లు నొక్కాడు. మధ్యలో లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. ఐదు అడిగిన ప్రతిసారీ ఐదే వచ్చింది. చివరికి వేలు తీసి, సోల్డరు అతుకును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"అతుకు నున్నగా వేశావే" అన్నాడు.

"నేర్పినవాళ్ళు అలా నేర్పారు."

"ముద్ర దాచుకో. ప్రతి పంపుకీ ఈ రెండూ పడాలి. అప్పటిదాకా ఒక్క పెట్టె కూడా గేటు దాటదు." ఆగి, కింది నుంచి వస్తున్న నిశ్శబ్దాన్ని విన్నాడు. కంప్రెసరు కూడా ఆగిపోయింది. "కింద పనెందుకు ఆగింది?"

"నన్ను పంపించేశారట మామయ్యా. మెట్లమీద చెప్పుకుంటున్నారు."

"ఎవరన్నారు?"

నలుగురూ గుమ్మం కేసి చూశారు. టీ బాబాయి అప్పటికి ఇంకో నాలుగు మెట్లు దిగాడు.

"పద. మైకులో నువ్వే చెప్పు" అన్నాడు పెద్దాయన.

కింద అందరూ కంప్రెసరు చుట్టూ మూగి ఉన్నారు. పెద్దాయన, అత్తయ్య, డెమో బావ ఆమె వెనకే దిగొచ్చి నిలబడ్డారు. అది చూసి రెండు పక్షాలకూ ఏం చేయాలో పాలుపోలేదు. టెస్టక్క పంపును ఒక చేత్తో ఎత్తి పట్టుకుని మైకు అందుకుంది.

"నేను పొద్దున అన్నది ఈ బోర్డుని. బోర్డుకి కెపాసిటర్ లేదు అన్నాను. కెపాసి-టర్. పైకి వెళ్ళేసరికి అది కెపాసి-టీ అయింది. 'టర్' మెట్లమీద పడిపోయింది. దొరికినవాళ్ళు తెచ్చివ్వండి."

ఫ్యాక్టరీ ఘొల్లుమంది. కళ్ళన్నీ టీ బాబాయి మీదికి తిరిగాయి.

"ఆ కంప్రెసరు పక్కన నిలబడి నువ్వు విని చూడవే తల్లీ!" అని టీ బాబాయి ఎదురుతిరిగాడు. "డగడగ డగడగ! అందులో సగం మాటే చెవిన పడింది. మిగతా సగం నేను సొంతంగా వేసుకున్నా. తప్పా? మీ యంత్రం మాత్రం ఏం చేసింది? గోలలో ఐదు వినపడక ఎనిమిది అనుకుంది. దానికి ముద్ద పెట్టి వైరు కట్టారు, నాకు తిట్లా?"

టెస్టక్క నవ్వబోయి ఆగింది. బాబాయి తెలియకుండానే తన పరీక్ష ఫలితం మొత్తం ఒక్క ముక్కలో చెప్పేశాడు.

ఆ నవ్వుల వెనక నుంచి ఓ చెయ్యి లేచింది. అది పార్సిల్ గది చూసే అన్న చెయ్యి. ఆ మనిషి మొహంలో నవ్వు లేదు.

"అక్కా, మరి పొద్దున మీరే కదా ఫోన్లో పంపండి అన్నారు?"

"ఏమన్నాను?"

"పంపులు పంపండి అన్నారు. అరిచి మరీ అన్నారు. ముద్ర లేదు కదా అని అనుమానం వచ్చింది. కానీ ఇంత అరుస్తున్నారంటే ఏదో తొందరే అనుకున్నా."

టెస్టక్క చేతిలో మైకు కీచుమంది. "పంపకండి అన్నాను అన్నా. పంప-క-ండి!"

ఎవరూ నవ్వలేదు. కంప్రెసరు మింగిన ఆ ఒక్క 'క' ఎంత బరువుందో అందరికీ ఒకేసారి తెలిసింది.

"ఎన్ని?" అన్నాడు పెద్దాయన.

"పన్నెండు. పదిన్నరకే బండెక్కాయి. ఈపాటికి ఆసుపత్రికి చేరే ఉంటాయి."

డెమో బావ అప్పటికే నంబరు నొక్కుతున్నాడు. అవతల మోగుతుండగా ఫోన్ మరదలి చేతిలో పెట్టాడు. నర్సెవరో ఎత్తింది. ఫోన్లో గరగర.

"పంపులొచ్చాయమ్మా" అంది నర్సు. "చాలా సన్నగా ఉన్నాయి, ముచ్చటగా ఉన్నాయి. ఒకదాన్ని ఇప్పుడే మూడో మంచం దగ్గర గోడకు పెట్టాం. అంకె వెయ్యబోతున్నా."

"నొక్కకండి!" అంది టెస్టక్క.

"ఏంటమ్మా? గరగరగా ఉంది. నొక్కండి అన్నారా?"

టీ బాబాయి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. టెస్టక్క కళ్ళు మూసుకుంది. ఇంకోసారి ఆ మాట అంటే ఇంకోసారి 'క' పోతుంది. పోవడానికి 'క' అంటూ లేని మాట కావాలి. సగం వినపడినా అర్థం తిరగబడని మాట కావాలి. కళ్ళు తెరిచి, అరవకుండా, ఒక్కో అక్షరాన్నీ విడదీసి చెప్పింది.

"గోడ నుంచి ప్లగ్గు తీసెయ్యండి. తీసెయ్యండి. ప్లగ్గు."

అవతల గరగర. తర్వాత టక్కుమని ఓ చప్పుడు. ఆ తర్వాత గరగర కూడా లేదు.

ఊడింది ప్లగ్గా, ఫోనా?